హంగేరీలో ఫోరింట్లతో లెక్క తప్పకుండా

హంగేరీ ఐరోపా సమాఖ్య (ఈయూ)లో ఉన్నా అక్కడి డబ్బు యూరో కాదు, ఫోరింట్. ధరల పక్కన Ft అని రాస్తారు. నోట్లు 500 నుంచి 20,000 దాకా, నాణేలు 5 నుంచి 200 దాకా ఉంటాయి. రూపాయికి ఎన్ని ఫోరింట్లో తెలుసుకుని, ధరను ఆ సంఖ్యతో భాగిస్తే రూపాయలొస్తాయి. బయల్దేరే ముందు ఆ రోజు రేటు చూసుకోండి.

1, 2 ఫోరింట్ల నాణేలు 2008లో రద్దయ్యాయి. అందుకే నగదు బిల్లు మొత్తాన్ని దగ్గరి 5కి సర్దుతారు: 1,002 అయితే 1,000, 1,003 అయితే 1,005. అది మోసం కాదు. కార్డుతో కడితే ఈ సర్దుబాటు ఉండదు.

అసలు నష్టం ఏటీఎం దగ్గరే. రూపాయల్లో లెక్కించమంటారా అని తెరపై అడిగితే కచ్చితంగా వద్దనండి, ఫోరింట్లే ఎంచుకోండి. రూపాయలు ఎంచుకుంటే రేటు ఆ మిషన్‌వాళ్లే నిర్ణయిస్తారు, అది మీ బ్యాంకు రేటుకన్నా చాలా అధ్వానం. దుకాణంలో కార్డు మిషన్ అడిగినా ఇదే జవాబు. యూరోలు తీసుకునే దుకాణాలున్నాయి గానీ, చిల్లర ఫోరింట్లలోనే, వాళ్ల రేటుకే ఇస్తారు.