మూత్రాశయంలో స్మాల్ సెల్ క్యాన్సర్‌ను తేల్చుకోవడం ఎలా?

మూత్రంలో నొప్పి లేకుండా రక్తం పడి, రెండు రోజుల్లో దానంతటదే ఆగితే, వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో వినిపించే మాట "వేడి చేసింది". సబ్జా నీళ్లు తాగుతారు, ఒక కోర్సు యాంటీబయాటిక్ వాడతారు, నెలలు గడిచిపోతాయి. మూత్రాశయ క్యాన్సర్లలో నూటికి ఒకటి కంటే తక్కువగా కనిపించే స్మాల్ సెల్ రకం (చిన్న కణాలతో వేగంగా పెరిగేది) అన్ని నెలలు ఆగదు. బయటపడేసరికే చాలామందిలో కండరంలోకి దిగి ఉంటుంది. నలభై దాటినవారు, అందులోనూ బీడీ, సిగరెట్ తాగేవారు, ఒక్కసారి ఎర్రగా పడినా సిస్టోస్కోపీ (మూత్రం దారిలో సన్నని కెమెరా పంపి మూత్రాశయం లోపల చూడటం) చేయించుకోవాలి. అల్ట్రాసౌండ్‌లో ఏమీ లేదన్నారని ఊరుకోవద్దు. మూత్రాశయం సరిగా నిండకపోతే చిన్న గడ్డ అందులో కనబడదు.

కెమెరాలో చూసినా ఇది ఏ రకమో చెప్పలేం. తేలేది టీయూఆర్‌బీటీలో, అంటే మూత్రం దారిలోనే పరికరం పంపి కరెంటు తీగతో గడ్డను కోసే ఆపరేషన్‌లో, తీసిన ముక్కల్లోనే. గడ్డ పైభాగం ఒక సీసాలో, అడుగున కండరం దాకా తీసిన ముక్కలు వేరే సీసాలో వేయాలి. కరెంటుకు మాడినా, ఫోర్సెప్స్ (పట్టుకారు)లో నలిగినా ఈ కణాల కేంద్రకాలు చారల్లా సాగిపోతాయి. అప్పుడు లింఫోమానా (లింఫ్ కణాల క్యాన్సర్), స్మాల్ సెల్లా అన్నది పెథాలజిస్టుకు అంతుపట్టదు. సీసా వెడల్పు మూతిది ఉండాలి. అందులో 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మాలిన్ ముక్కకు కనీసం 10 రెట్లు పోయాలి. సెలైన్‌లో పంపితే కణాలు పాడవుతాయి. రిపోర్టులో "డిట్రూసర్ కండరం (మూత్రాశయం గోడలోని కండరం) ఉంది" అన్న అర్థం వచ్చే మాట వెతకండి. లేకపోతే ముక్క మళ్లీ తీయాలా అని యూరాలజిస్టును అడగండి.

ముక్కకు మామూలు రంగు వేసి మైక్రోస్కోపులో చూసినప్పుడు అనుమానం రాగానే ఇమ్యునో పరీక్ష (కణాల్లోని ప్రోటీన్లను గుర్తుపట్టే ప్రత్యేక రంగులు) చేయించాలి. స్మాల్ సెల్‌ను పట్టిచ్చే ప్రోటీన్లు సినాప్టోఫైసిన్, క్రోమోగ్రానిన్, సీడీ56, ఐఎన్‌ఎస్‌ఎం1 చూస్తారు. లింఫోమా కాదని తేల్చడానికి ఎల్‌సీఏ కూడా. కణాలు ఎంత వేగంగా పెరుగుతున్నాయో చెప్పే కేఐ-67 చాలా ఎక్కువగా వస్తుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్లలో తరచూ కనిపించే ప్రోటీన్ టీటీఎఫ్-1 పాజిటివ్ వచ్చిందని ఊపిరితిత్తుల నుంచి పాకిందని అనుకోవద్దు, మూత్రాశయంలో పుట్టినదానిలోనూ అది రావచ్చు. ఛాతీ సీటీ చూశాకే ఆ మాట అనాలి. మగవారిలో ప్రోస్టేట్ నుంచి వచ్చిందేమో కూడా చూడాలి. మూత్రాశయం లోపలి పొరలో వచ్చే మామూలు యూరోథీలియల్ క్యాన్సర్‌తో కలిసి స్మాల్ సెల్ కొంచెమే ఉన్నా వైద్యం స్మాల్ సెల్‌కే. అందుకే అది ఎంత శాతం ఉందో రాయమనండి.

రెండో అభిప్రాయానికి హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికో, నిమ్స్‌కో వెళ్తుంటే స్లైడ్లు మాత్రమే సరిపోవు, పారఫిన్ బ్లాకులు (మైనంలో పొదిగిన ముక్కలు) కూడా అడిగి తీసుకోండి. కొత్త పరీక్షలకు ముక్కను వాటి నుంచే కోస్తారు. మే నెలలో వాటిని ఎండలో ఆపిన కారులో వదలొద్దు, మైనం మెత్తబడుతుంది.

ఛాతీ, పొట్ట, కటి సీటీతో పాటు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) చూడాలి. తలనొప్పి, తూలడం ఉంటే మెదడు ఎంఆర్ఐ కూడా. గడ్డ మూత్రాశయం దాటకపోయినా సాధారణంగా ముందు ఎటోపోసైడ్, సిస్‌ప్లాటిన్ కీమో ఇచ్చి, ఆ తర్వాతే ఆపరేషనో రేడియేషనో చేస్తారు. కాబట్టి ఇమ్యునో రిపోర్టు చేతికి రాకుండా మూత్రాశయం తీసేసే తేదీ ఖాయం చేసుకోవద్దు.