ఇల్లు తర్వాత, ముందు స్కూలు

చిత్తూరు నుంచి తమిళనాడులోని రాయవేలూరు (వెల్లూరు)కి ఇల్లు మారేటప్పుడు, ఎంత దూరమనీ, తమిళం మనకేం కొత్తనీ అనుకుని మేం ముందు ఇంటికి అడ్వాన్స్ ఇచ్చేశాం. తప్పు అక్కడే జరిగింది. తమిళనాడులో 2006 చట్టంతో స్టేట్ సిలబస్ స్కూళ్లలో తమిళం తప్పనిసరి అయింది. సంతలో బేరమాడే తమిళం వేరు, ఆరో తరగతి పిల్లాడు పరీక్ష రాసే తమిళం వేరు! అందుకే ముందు స్కూలుకెళ్లి భాష సంగతి తేల్చుకోండి.

తర్వాత, సాయంత్రం ఆరున్నరకి ఇల్లు చూసిన వీధిలో ఓసారి నడవండి. పిల్లలు సైకిళ్లు తొక్కుతున్నారా, ఆడవాళ్లు గుమ్మాల్లో కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారా చూడండి. నీళ్ల ట్యాంకర్ ఎప్పుడొస్తుందో వాళ్లనే అడగండి, బ్రోకరు చెప్పడు.

మన బండి 12 నెలలు దాటి ఆ రాష్ట్రంలోనే ఉంటే మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి. దానికి కావలసిన ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని ఆర్టీవో ఆఫీసు ఇచ్చే పత్రం) చిత్తూరులో ఉండగానే తీసుకోండి.