సరిదిద్దకుండా వంచండి: రాగి తీగతో జూకాలు

కాగితం మీద బొమ్మ గీసుకుని దాని ప్రకారం తీగ వంచడం నేను మానేసి నాలుగేళ్లయింది. నేర్చుకోవడానికి వచ్చేవాళ్లంతా ముందుగా అడిగేది ఒకటే, "పాడైపోతే ఎలా?" అని. పాడయ్యేది జానెడు రాగి తీగే అయినప్పుడు చేతికి ధైర్యం దానంతటదే వస్తుంది. అందుకే వెండితో మొదలుపెట్టవద్దు. రాగి తీగను నేను హైదరాబాద్ బేగంబజారులో తూకానికి కొంటాను. ఆకారానికి ఒక మిల్లీమీటరు మందం తీగ, చుట్టడానికి 0.4 మిల్లీమీటరుది. మోటారు వైండింగు తీగ మీద పూత ఉంటుంది, సుత్తి దెబ్బకు పెచ్చులూడుతుంది. పూత లేనిదే అడగండి.

గుండ్రని ముక్కు పటకారుతో మొదటి వంపు తిప్పండి. అది అనుకున్నట్టు రాకపోతే వెనక్కి తిప్పవద్దు. రాగి వంచినకొద్దీ గట్టిపడుతుంది, ఒకే చోట అటూ ఇటూ తిప్పితే విరుగుతుంది. నిరుడు శ్రావణంలో మా వదిన కోసం మామిడి పిందె జూకా చేస్తూ, తొడిమ దగ్గరి వంపును మూడుసార్లు సరిదిద్దాను. నాలుగోసారి పుటుక్కుమంది. మళ్లీ మొదలుపెడితే వంపు అక్కడే తప్పింది. ఈసారి దాన్ని ముట్టుకోకుండా, దానికి ఎదురుగా ఇంకో వంపు తిప్పాను. పిందె కాస్తా తల వాల్చిన చిలుకైంది. జతలో రెండోదాన్ని తల ఎత్తిన చిలుకగా చేశాను. తప్పిన వంపుకు తర్వాతి వంపుతో జవాబు చెప్పడం, నాకు తెలిసిన సాహసమంతా ఇదే.

మధ్యలో తీగ మొండికేస్తే గ్యాసు మంట మీద పటకారుతో పట్టుకోండి. వంటగదిలో దీపం ఆర్పితే రంగు బాగా కనిపిస్తుంది. మసక ఎరుపు రాగానే నీళ్లలో ముంచండి. ఉక్కులా కాదు, రాగి ఇలా ముంచినా మెత్తగానే ఉంటుంది. పైన పట్టిన నలుపు చింతపండుతో తోమితే పోతుంది, ఇత్తడి బిందెకు తోమినట్టే.

ముత్యాలు మాత్రం అన్నీ అయ్యాకే. పులుపు ముత్యం మెరుపును తినేస్తుంది, మంట అసలే పనికిరాదు. హైదరాబాద్‌లోనే ముత్యాలమ్మే పత్తర్‌గట్టిలో నేను అడిగేది జత కుదరని వంకర ముత్యాలనే. గుండ్రటి ముత్యం తీగను తన చెప్పుచేతల్లో పెట్టుకుంటుంది. వంకరది తీగతో కలిసి నడుస్తుంది.

సాహసం పనికిరాని చోటు కూడా ఉంది. కరీంనగర్ వెండి ఫిలిగ్రీని, అంటే వెండి తీగల అల్లిక పనిని, దగ్గరగా చూడండి. బయటి చట్రం మందపు తీగ, లోపలి అల్లిక సన్నని తీగ. చట్రం గట్టిగా ఉంది కాబట్టే లోపల అంత నాజూకు పని నిలుస్తోంది. మన జూకాకు చట్రం లాంటిది చెవికొక్కెం. అది 0.8 మిల్లీమీటరు ఉండాలి, కొనను ఆకురాయితో నున్నగా అరగదీయాలి. రాగి పడని చెవులుంటాయి కాబట్టి కొక్కేనికి మాత్రం నేను వెండి వాడతాను.

కొక్కెం తగిలించాక జూకాను కిటికీ ఊచకు వేలాడదీసి, ఊగడం ఆగేదాకా చూడండి. ఒక పక్కకు వాలితే తేలికగా ఉన్న వైపు ముత్యం కడితే సరిపోతుంది. వాలిన తీరే నచ్చితే వదిలేయండి. మా వదిన చిలుకల్లో ఒకటి ఎడమకు వాలింది. దానికి ముత్యం కట్టలేదు.