వరిగడ్డిని యూరియాతో మాగబెట్టే పద్ధతి

వరిగడ్డిలో సెల్యులోజ్ అనే పీచు పదార్థానికి కొదవ లేదు. కానీ లిగ్నిన్ అనే గట్టి పదార్థం, ఇసుకలో ఉండే సిలికా దాన్ని బిగించి పట్టుకోవడంతో పశువు పొట్టలోని సూక్ష్మజీవులకు అది సరిగా అందదు. పైగా మాంసకృత్తులు 3-4 శాతమే. యూరియాతో మాగబెడితే అవి 7-8 శాతానికి పెరుగుతాయి, అరుగుదలా మెరుగవుతుంది.

కొలత: 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్లు. మోపుల లెక్క వద్దు, గడ్డిని తూకం వేయాల్సిందే. యూరియా పెంచితే గడ్డి ఇంకా మెత్తబడుతుందని కొందరు 6 కిలోలు కలుపుతారు. ఒరిగేదేమీ లేదు, విషప్రమాదం తప్ప.

నీళ్లు నిలవని మెరక నేల మీద ప్లాస్టిక్ పట్టా పరవండి. యూరియాను ఒక్క పలుకూ మిగలకుండా నీళ్లలో కరిగించాలి. 20 కిలోల గడ్డి పరిచి, మొక్కలకు నీళ్లు పోసే జల్లు డబ్బాతో 10 లీటర్ల ద్రావణం సమంగా చల్లి, కాళ్లతో బాగా తొక్కి, పైన మరో వరుస వేయండి. మిషన్ బేళ్లయితే విప్పి పరవాలి. కట్టలుగానే వేస్తే లోపలికి తడి చేరదు. గుప్పెడు గడ్డి పిండితే చేయి తడవాలి, నీళ్లు కారకూడదు. అడుగున నీళ్లు ఊరుతుంటే యూరియా కూడా వాటితోపాటే పోతోందన్నమాట. ఆ నీళ్లు పశువులు తాగకుండా చూడండి.

ఆ తర్వాత పైన పట్టా కప్పి, అంచులను మట్టితో మూయాలి. అసలు పని ఇక్కడే. గడ్డి మీదున్న బ్యాక్టీరియా యూరియాను అమ్మోనియాగా మారుస్తుంది. ఆ వాయువు లిగ్నిన్ బంధాలను సడలించి, పీచును ఉబ్బిస్తుంది. చిన్న చిరుగున్నా వాయువు జారిపోతుంది, అక్కడ బూజు మొదలవుతుంది.

గడువు 21 రోజులు. చలికాలంలో నాలుగు వారాలు ఉంచండి. తెరవగానే కళ్లు మండేంత ఘాటు రావాలి, గడ్డి ముదురు పసుపు లేదా గోధుమ రంగుకు తిరగాలి. ఘాటే లేదంటే వాయువు కారిపోయినట్టే. నల్లగానో తెల్లగానో బూజు పట్టిన భాగం పెంటకుప్పకే.

బెల్లం గానీ మొలాసిస్ (చక్కెర మడ్డి) గానీ మాగబెట్టే గడ్డిలో కలపకండి. పచ్చిమేతను ఈ పద్ధతిలో మాగబెట్టకండి. చక్కెరలు, అమ్మోనియా వేడిలో కలిస్తే పశువును పిచ్చెత్తినట్టు పరుగెత్తించే విషం పుడుతుంది.

మేపేటప్పుడు ఒక పక్క నుంచే తీసి, మళ్లీ మూయండి. రేపటి మేతను ఇవాళ సాయంత్రమే తీసి ఆరబెడితే ఘాటు పోతుంది. మొదటి వారం మామూలు గడ్డిలో పావు వంతుకు బదులు ఈ గడ్డితో మొదలుపెట్టి క్రమంగా పెంచండి. కొంచెం దాణా, పచ్చిమేత తోడైతేనే పొట్టలోని సూక్ష్మజీవులు ఆ నత్రజనిని వాడుకోగలవు. ఖనిజ లవణ మిశ్రమం మానకూడదు. వరిగడ్డిలోని ఆక్సలేట్లు అనే లవణాలు కాల్షియాన్ని పట్టేస్తాయి. ఆరు నెలల లోపు దూడలకు, గుర్రాలకు ఈ గడ్డి పెట్టకూడదు. యూరియా ఇటుకలు నాకిస్తున్నా, యూరియా కలిపిన దాణా పెడుతున్నా ముందు వాటిని ఆపండి.

యూరియా విషమెక్కి పశువు చొంగ కారుస్తూ వణికినా, కడుపు ఉబ్బినా వెంటనే డాక్టర్‌ను పిలవాలి. పెద్ద పశువుకు 2 లీటర్ల వెనిగర్‌ను అంతే కొలత చల్లని నీళ్లలో కలిపి, పొలమారకుండా మెల్లగా తాగించడం అందరికీ తెలిసిన ప్రథమ చికిత్స. ఆ సీసాలు కొట్టంలో ముందే ఉండాలి.