పల్లెను ఇంగ్లీషులో రాద్దాం – నాలుగో పాఠం: ‘ఉంది’ని దాటి రావడం

పోయిన పాఠంలో ఒకచోట నిలబడి, చూపును దగ్గర నుంచి దూరానికి జరుపుకుంటూ రాయడం నేర్చుకున్నాం కదా, ఈసారి క్రియలు చూద్దాం. మన పల్లెల గురించి ఇంగ్లీషులో రాయాలంటే చాలామందికి విశేషణాల దగ్గరే టెన్షన్. బ్యూటిఫుల్ అయిపోయింది, సీనిక్ అయిపోయింది, ఇంకేం రాయాలి అని డిక్షనరీ తిరగేస్తారు. ఆ వెతుకులాట ఆపేసి మంచి క్రియ కోసం వెతకండి, వర్ణన దానంతట అదే వస్తుంది. ఇది నేను గట్టిగా నమ్మే మాట, ఈ పాఠమంతా దాని గురించే.

ఇంగ్లీషు వాక్యాలన్నీ తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. ముందు పైకి రెండుసార్లు చదవండి, నోటికి అలవాటయ్యాక నోట్‌బుక్‌లో ఇంగ్లీషు స్పెల్లింగులతో రాసుకోండి. కళ్లతో చదివి వదిలేస్తే ఈ పాఠం వల్ల పెద్దగా ఉపయోగం ఉండదు.

శాలిహుండం కొండ ఎక్కారనుకోండి. పైన బౌద్ధుల కాలం నాటి ఇటుక కట్టడాలు, కింద వంశధార, ఆ నది పోయి కలిసే కళింగపట్నం సముద్రం. తెలుగులో చెప్పమంటే కొండ మీద స్తూపం ఉంది, కింద నది ఉంది, అటూ ఇటూ పొలాలున్నాయి అంటాం, వినడానికి బాగానే ఉంటుంది. దాన్నే ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి దించితే ‘దేర్ ఈజ్ ఎ స్తూప, దేర్ ఈజ్ ఎ రివర్, దేర్ ఆర్ ఫీల్డ్స్’ అని కిరాణా చీటీలా తయారవుతుంది.

కదలని వాటికి కూడా ఇంగ్లీషులో ఏదో ఒక క్రియ దొరుకుతుంది. ఊరికి లై, గుడికీ చెట్టుకీ కొండకీ స్టాండ్, రోడ్డుకీ కాలవకీ చెరువు గట్టుకీ రన్, పొలాలకీ ఇసుక తిన్నెలకీ స్ట్రెచ్, మెలికలు తిరిగే నదికీ కొండదారికీ వైండ్. ఇప్పుడు చదవండి: ‘ద రూయిన్స్ స్టాండ్ ఆన్ ఎ హిల్ అబౌ ద వంశధార. బిలో దెమ్ ద రివర్ వైండ్స్ టువర్డ్స్ ద సీ, అండ్ పాడీ ఫీల్డ్స్ స్ట్రెచ్ అలాంగ్ ఇట్స్ బ్యాంక్స్.’ ఒక్క పొగడ్త మాట లేదు, అయినా చదివేవాడికి కొండ ఎక్కడో నది ఎటు పోతోందో తెలిసిపోయింది. దేర్ ఈజ్ అసలు వాడొద్దని కాదు. కొత్త వస్తువును పరిచయం చేయడానికి పేరాకి ఒకసారి వాడండి, చాలు.

ఇక్కడ మనవాళ్లు ఎక్కువగా జారిపడే చోటు ఒకటుంది. ‘ద రోడ్ ఈజ్ రన్నింగ్ బిసైడ్ ద కెనాల్’ అని రాస్తారు. రోడ్డు రేపు కూడా అక్కడే ఉంటుంది కాబట్టి రన్స్ అనాలి. మీరు చూస్తున్న ఆ కాసేపట్లో జరుగుతున్న పనికి మాత్రమే ఇంగ్ రూపం. ‘ద విలేజ్ లే ఎట్ ద ఫుట్ ఆఫ్ ఎ హిల్. ఆన్ ఎ వరండా ఎ వుమన్ వాజ్ సార్టింగ్ టామరిండ్.’ ఊరు ఎప్పుడూ ఉండేది, చింతపండు ఏరడం అప్పుడు జరుగుతున్నది. మొత్తం ఒకే క్రియారూపంలో రాయకుండా ఇలా రెంటినీ పక్కపక్కన పెట్టగలిగితే మీ వర్ణనలో వెనక ఏముందో ముందు ఏం జరుగుతోందో విడివిడిగా కనిపిస్తాయి.

రూపాలు కూడా చూసుకోండి. లైకి భూతకాలం లే, స్టాండ్‌కి స్టుడ్, రన్‌కి రాన్, వైండ్‌కి వౌండ్. ఈ వైండ్‌కీ గాలి అనే అర్థమున్న విండ్‌కీ స్పెల్లింగ్ ఒకటే, అందుకని పైకి చదివేటప్పుడు జాగ్రత్త. నదుల పేర్ల ముందు ద ఉండాలి, ద నాగావళి, ద చంపావతి. ఊళ్లకి అక్కర్లేదు.

ఇక నిశ్శబ్దం సంగతి. ‘ఇట్ వాజ్ వెరీ పీస్‌ఫుల్’ అని రాస్తే చదివేవాడు మీ మాట నమ్మడమే తప్ప అతనికి ఏమీ వినబడదు. మధ్యాహ్నం వేళ విజయనగరం జిల్లాలో ఏదో ఒక పల్లె చెరువు గట్టు మీద కూచోండి. ఎండిన తాటాకులు గాలికి గరగరమంటాయి. ఎక్కడో పొలంలో మోటారు ఆడుతుంటుంది. అవతలి రేవులో ఒకాయన బట్టలు ఉతుకుతుంటే, బట్ట బండ మీద పడటం ముందు కనిపించి, చప్పుడు క్షణం తర్వాత వినిపిస్తుంది. ఆ ఆలస్యం మీ చెవికి తెలుస్తోందంటేనే చుట్టూ ఎంత సద్దు లేకుండా ఉందో అర్థం. అదే రాయండి: ‘అక్రాస్ ద పాండ్ ఎ మ్యాన్ వాజ్ బీటింగ్ క్లోత్స్ ఆన్ ఎ స్టోన్, అండ్ ఈచ్ బ్లో రీచ్‌డ్ మీ ఎ మూమెంట్ లేట్.’ క్వైట్ అనే మాట ఎక్కడా రాలేదు, చూశారా!

చప్పుళ్లకి పనికొచ్చే క్రియలు కొన్ని: ఎండుటాకులకి రసల్, ఎడ్లబండి ఇరుసుకి క్రీక్, గట్టును తాకే నీటికి ల్యాప్, దూరంగా ఆడే మోటారుకి హమ్. వీటికి తోడు సమ్‌వేర్, నౌ అండ్ దెన్ అనే మాటలు దగ్గర పెట్టుకోండి, మొదటిది దూరాన్ని, రెండోది మధ్యమధ్య వచ్చే విరామాన్ని చెబుతాయి. ‘ఐ వాజ్ హియరింగ్’ అని మాత్రం రాయకండి, ఐ కుడ్ హియర్ అనాలి. ‘సమ్‌వేర్ బిహైండ్ ద పామ్స్ ఐ కుడ్ హియర్ ఎ కార్ట్ క్రీకింగ్.’ వాసన, పొగ, మంచు లాంటి వాటికి హ్యాంగ్ బాగా కుదురుతుంది. గోగు కట్టలు నీళ్లలో ఊరబెట్టే రోజుల్లో మన చెరువుల దగ్గర ఆ వాసన ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా. ‘ద స్మెల్ ఆఫ్ సోకింగ్ మెస్టా హంగ్ ఓవర్ ద వాటర్.’ బాగోలేని వాసనని కూడా వదలకండి, ఊరు ఊరులా కనబడాలంటే అదీ కావాలి. అలాగే ప్రతి పల్లెనీ నిశ్శబ్దంగా చూపించాల్సిన పని లేదు. పెలికాన్‌లూ కొంగలూ వచ్చి గూళ్లు పెట్టుకున్న కాలంలో తేలినీలాపురం వెళ్లి, ఇళ్ల మధ్య చెట్ల మీద ఆ గోలంతా విని వచ్చి పీస్‌ఫుల్ అని రాస్తే అది అబద్ధం.

ప్రయాణం రాసేటప్పుడు మీరూ కదులుతుంటారు కాబట్టి ఇంకో చిక్కు వస్తుంది. విజయనగరం నుంచి పలాస వెళ్లే రైల్లో ముందు నాగావళి, తర్వాత వంశధార దాటుతాం. ‘నది దాటుతుంటే గేదెలు కనిపించాయి’ అంటే తెలుగులో ఏ ఇబ్బందీ లేదు, దాటింది మనమే అని అందరికీ తెలుసు. ‘క్రాసింగ్ ద రివర్, బఫెలోస్ వర్ సీన్’ అంటే మాత్రం ఇంగ్లీషు వ్యాకరణం ప్రకారం దాటుతున్నవి గేదెలే అవుతాయి. అందుకని యాజ్ పెట్టి కర్తను బయటికి తీసుకురండి: ‘యాజ్ వీ క్రాస్‌డ్ ద రివర్, ఐ సా బఫెలోస్ లయింగ్ ఇన్ ద షాలో వాటర్.’ తెలుగు వాళ్లు రాసే ప్రయాణ వ్యాసాల్లో ఈ తప్పు నాకు పదే పదే కనిపిస్తుంది, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

నేల మారుతున్నప్పుడు గేవ్ వే టు వాడండి. ‘నియర్ పలాస ద పాడీ గేవ్ వే టు క్యాషూ.’ వరి పొలాలు అయిపోయాయి, జీడితోటలు మొదలయ్యాయి అని రెండు వాక్యాలు రాయక్కర్లేదు. దూరంగా ఉన్న కొండలు రైలుతో పాటే వస్తున్నట్టు అనిపిస్తే ‘ద హిల్స్ కెప్ట్ పేస్ విత్ ద ట్రెయిన్’ అనొచ్చు, పక్కనే వెనక్కి జారిపోయే తాటిచెట్లకి స్లిడ్ పాస్ట్.

ఇక మీ పని. మీకు బాగా తెలిసిన చోటు ఒకటి ఎంచుకోండి, తాటిపూడి రిజర్వాయర్ గట్టు కావచ్చు, నౌపడా ఉప్పు మళ్లు కావచ్చు, మీ ఊరి కళ్లం కావచ్చు. ఆరు వాక్యాలు రాయండి. దేర్ ఈజ్ ఒక్కసారికి మించకూడదు, బ్యూటిఫుల్, పీస్‌ఫుల్, నైస్ అసలు రాకూడదు, దూరం నుంచి వచ్చే చప్పుడు ఒకటి తప్పకుండా ఉండాలి. రాశాక ప్రతి క్రియ కింద గీత గీసి, అది ఎప్పుడూ ఉండేదా, అప్పుడు జరుగుతున్నదా అని పక్కన రాసుకోండి. ఆ కాగితం దాచిపెట్టండి, వచ్చే పాఠంలో అదే చోటికి ఒక మనిషిని తీసుకొస్తాం.