బదిలీల మధ్య బ్రాంచి అనుభవాన్ని నిలుపుకోవడం ఎలా

కోనసీమలోని ఒక గ్రామీణ బ్యాంకు బ్రాంచిలో నేను మేనేజరుగా చేరినప్పుడు ఛార్జి (బ్రాంచి బాధ్యతల) అప్పగింత పద్ధతి ప్రకారమే జరిగింది. క్యాష్ లెక్కపెట్టాము, బంగారు రుణాల ప్యాకెట్లను ఒక్కొక్కటిగా రిజిస్టరుతో సరిచూశాము, స్ట్రాంగ్ రూమ్ తాళాలు చేతులు మారాయి, జాబితా మీద ఇద్దరమూ సంతకాలు చేశాము. మరుసటి సంక్రాంతికి కువైట్‌లో పనిచేస్తున్న కొందరు రుణగ్రహీతలు ఊరికి వచ్చి వెళ్లిపోయారు. ఫిబ్రవరిలో వారి రుణ పత్రాలపై దావా వేయడానికి ఉన్న మూడేళ్ల గడువు తీరిపోయింది. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం గడువులోపల బాకీని ఒప్పుకుంటూ సంతకం చేస్తే అక్కడి నుంచి కొత్త గడువు మొదలవుతుంది కాబట్టి, పండగ వారం రోజుల్లో వారిని కలవాల్సింది. గడువు తేదీని కంప్యూటర్ చూపించింది గాని, ఆ మనిషి ఎప్పుడు దొరుకుతాడో చూపించలేదు. అది నాకు ముందు పనిచేసిన మేనేజరు గారికి కంఠస్థం. అడిగి ఉంటే తప్పకుండా చెప్పేవారు, కానీ ఏమి అడగాలో నాకు తెలియదు.

అందుకని మొదట చేయవలసిన పని, ఛార్జి జాబితాకు తోడుగా రెండో పుస్తకం ఒకటి పెట్టడం. నగదు, తాళాలు, పత్రాలు జాబితాలోకి వస్తాయి. మనుషుల గురించి, ఊళ్ల గురించి, కాలాల గురించి తెలిసింది ఈ పుస్తకంలోకి రావాలి. ఏ రుణగ్రహీత ఏ నెలలో ఊళ్లో ఉంటాడు, ఏ గ్రామంలో ఏ పంట ఎప్పుడు చేతికొస్తుంది, ఏ సర్వే నంబరు విషయంలో అన్నదమ్ముల తగాదా నడుస్తోంది, న్యాయవాది అభిప్రాయంలో ఏ లింకు దస్తావేజు (ఆస్తి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే పాత పత్రం) ఇంకా రావాల్సి ఉంది వంటి వివరాలు రాయాలి. వరి రైతుకు డబ్బు కోతల తరువాత ఒక్కసారిగా వస్తుంది. కొబ్బరి రైతుకు దింపు దింపుకూ కొంత కొంతగా వస్తుంది. ఈ తేడా తెలియని అధికారి ఇద్దరి ఇళ్లకూ ఒకే నెలలో వసూలుకు బయలుదేరి ఒకరి దగ్గర ఉత్త చేతులతో తిరిగి వస్తాడు. బదిలీ ఉత్తర్వు వచ్చాక రిలీవ్ అయ్యేలోపు ఇవన్నీ రాయడానికి సమయం చాలదు. ఫీల్డుకు వెళ్లి వచ్చిన రోజు సాయంత్రమే రెండు వాక్యాలు రాసి, పక్కన తేదీ వేయడం ఒక్కటే నిలబడే పద్ధతి.

కొత్త సర్క్యులర్ల సంగతి వేరు. వాటిని వాట్సాప్ గ్రూపులోకి పంపి 'చూశాను' అన్న జవాబులు తెప్పించుకుంటే బ్రాంచికి ఏమీ తెలిసినట్టు కాదు. సర్క్యులర్‌ను ఒకరికి అప్పగించి, కౌంటర్ దగ్గర ఖాతాదారు అడగబోయే ప్రశ్నలకు జవాబుల రూపంలో ఒక్క పేజీ రాయించండి. ఉదాహరణకు 2025 నవంబరు 1 నుంచి డిపాజిట్ ఖాతాకు నలుగురి వరకు నామినీలను పెట్టుకునే వీలు వచ్చింది. 'మా పిల్లలందరికీ వాటా రావాలంటే ఏం రాయాలండీ?' అన్నది మొదటి ప్రశ్న. ఒకేసారి అందరికీ చెందేలా రాస్తే వాటాలు శాతాల్లో చూపాలి, మొత్తం కలిపి నూరు కావాలి. వరుసక్రమంలో రాస్తే మొదటివారు లేనప్పుడే రెండోవారికి వస్తుంది. లాకరుకు మాత్రం వరుసక్రమం ఒక్కటే కుదురుతుంది. నామినీ డబ్బు అందుకునే వ్యక్తే గాని ఆ కారణం చేత వారసుడు కాడన్న ముక్క కూడా అదే పేజీలో ఉండాలి, ఎందుకంటే తగాదాలన్నీ అక్కడే పుడతాయి. ఆ పేజీ రాసినవారే శుక్రవారం సాయంత్రం కౌంటర్లు మూసిన తరువాత పది నిమిషాలు మిగతావారికి చెప్పాలి. చెప్పవలసి వస్తుందని తెలిసినప్పుడు మనిషి చదివే తీరే మారిపోతుంది; ఇది నేను చాలాసార్లు చూశాను.

అన్నిటికంటే కష్టమైనది, బ్రాంచిలో జరిగిన పొరపాట్లను రాసుకునే తప్పుల పుస్తకం. ఎక్స్‌ప్లనేషన్ (సంజాయిషీ) అడుగుతారన్న భయం ఉన్నంతకాలం ఎవరూ తమ పొరపాటును బయటపెట్టరు, అది న్యాయమే కూడా. కాబట్టి ఇందులో పేర్లు రాయకూడదు, మొదటి పద్దు మేనేజరు తన తప్పుతోనే మొదలుపెట్టాలి. నేను కువైట్ రుణాల సంగతితో మొదలుపెట్టాను. తరువాతి వారం ఒక క్లర్కు రాసిన పద్దు ఇది: 'ఏటీఎంలో నగదు రాలేదు, ఖాతాలో తగ్గింది అన్న పింఛనుదారును వారం తరువాత రమ్మని పంపేశాము. అలాంటి సొమ్ము లావాదేవీ తరువాత ఐదు రోజుల్లోగా తిరిగి జమ కావాలి, ఆలస్యమైతే రోజుకు రూ. 100 చొప్పున పరిహారం ఇవ్వాలి, 2019 సెప్టెంబరు ఆర్‌బీఐ ఉత్తర్వు. ఇకపై అదే రోజు ఫిర్యాదు నమోదు చేసి, నంబరు కాగితం మీద రాసి ఇవ్వాలి.' జరిగింది, నియమం, ఇకపై చేయవలసింది అనే మూడు ముక్కలు ఉంటే చాలు. మోసం అనుమానం ఉన్న విషయాన్ని మాత్రం ఈ పుస్తకంలో పెట్టి సరిపెట్టకూడదు. అది వెంటనే విజిలెన్స్ (అక్రమాలను విచారించే విభాగం) దారిలో పైకి వెళ్లవలసిందే.

పదవీ విరమణకు దగ్గరపడిన సబ్‌స్టాఫ్‌తో (అటెండర్ల వంటి సిబ్బందితో) ఒక గంట కూర్చోవడాన్ని చాలామంది మేనేజర్లు తలపెట్టరు. ఆంధ్రా బ్యాంక్ 1923లో మచిలీపట్నంలో పుట్టి, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్‌లో విలీనమైంది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017లోనే ఎస్‌బీఐలో కలిసింది. తండ్రి పెట్టెలో దొరికిన పాత బ్యాంకు పేరున్న ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదును పట్టుకుని ఇప్పటికీ పిల్లలు వస్తూనే ఉంటారు. పదేళ్లుగా ఎవరూ అడగని సొమ్ము ఆర్‌బీఐ నిధికి వెళ్లినా హక్కుదారులు బ్యాంకు ద్వారా తిరిగి పొందవచ్చు, 2023లో వచ్చిన ఉద్గమ్ పోర్టల్‌లో వెతకనూ వచ్చు. అయితే కంప్యూటర్లు రాకముందు నాటి లెడ్జర్ ఏ గదిలో, ఏ బీరువాలో ఉందో ఆ బ్రాంచిలో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషే చెప్పగలడు. ఆయన వెంట రికార్డు గదికి నడిచి, బీరువాలకు నంబర్లు వేయించి, ఏ సంవత్సరాల పుస్తకాలు ఎక్కడున్నాయో ఒక కాగితం మీద రాసుకోండి. ఆ పని ఆయన రిటైర్ కాకముందే కావాలి.

ఇదంతా పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి మంచి పరీక్ష మన చేతిలోనే ఉంది. కీలక స్థానాల్లో ఉన్న ఉద్యోగులను ఏడాదికోసారి, ముందుగా చెప్పకుండా, కనీసం పది పనిదినాలు వరుసగా సెలవుపై పంపాలని ఆర్‌బీఐ నియమం. మోసాలను పట్టుకోవడానికి పెట్టిన నియమమే అయినా, ఆ రోజుల్లో ఆ ఉద్యోగికి ఫోన్ చేసి పని అడగకూడదు గనుక, అతనికి తప్ప ఎవరికీ తెలియని పనులన్నీ బయటపడతాయి. ఆగిపోయిన ప్రతి పనినీ రాసుకుని, అతను తిరిగి వచ్చాక వాటిని మరొకరి చేత చేయిస్తూ పక్కన నిలబడి చూడమనండి.

పాస్‌వర్డును చెప్పుకోవడం తెలివిని పంచుకోవడం కాదు. ఎంత రద్దీ రోజైనా ఒకరి లాగిన్‌లో మరొకరు పని చేయకూడదు. ఖాతాదారుల పత్రాల ఫొటోలు గ్రూపుల్లోకి వెళ్లకూడదు. రెండో పుస్తకంలో ఖాతాదారుల సంగతులు ఉంటాయి కాబట్టి అది రుణ పత్రాలతో పాటు తాళం కిందే ఉండాలి, బ్రాంచి గడప దాటకూడదు. ఏటా మార్చి ముగింపు ఒత్తిడి తగ్గాక, ఏప్రిల్‌లో ఒక సాయంత్రం కేటాయించి, తీరిపోయిన రుణాల పద్దులు కొట్టేసి, మారిన నియమాలున్న పేజీలు తీసేసి, ప్రతి పేజీ కింద చూసిన తేదీ వేయండి.