రైతు కంపెనీలో డైరెక్టరయ్యారా? నాలుగో ఏడాది గురించి మొదటి ఏడాదే ఆలోచించడం ఎలా

రైతు ఉత్పత్తిదారుల కంపెనీకి (రైతులే వాటాలు కట్టి నడుపుకునే కంపెనీకి) కొత్తగా డైరెక్టర్లయిన వాళ్లకు శిక్షణ మొదటి రోజున నేను ఒక ప్రశ్న ఇస్తాను. నాలుగో ఏడాది ఏప్రిల్‌లో మీ సీఈఓ జీతం ఏ డబ్బులోంచి ఇస్తారు? కాగితం మీద రాయండి.

చాలామంది ‘లాభాల్లోంచి’ అని రాస్తారు. ఏ సరుకు మీద లాభం, క్వింటాకు ఎంత అని అడిగితే పక్కవాళ్ల కాగితంలోకి తొంగి చూస్తారు.

ఈ ప్రశ్నకు కారణం ఉంది. 2020లో కేంద్రం మొదలుపెట్టిన పదివేల ఎఫ్‌పీఓల (రైతు ఉత్పత్తిదారుల సంఘాల) పథకంలో ఒక్కో సంఘానికి నిర్వహణ ఖర్చుల కింద మూడేళ్లకు కలిపి గరిష్ఠంగా 18 లక్షలు ఇస్తారు. సీఈఓ, అకౌంటెంట్ జీతాలకు ఆధారం అదే. ఆ మూడేళ్లూ ఎవరైనా లాక్కొస్తారు. నాలుగో ఏడు కూడా తలుపులు తెరిచి ఉండేలా ఇప్పుడే నిర్ణయాలు తీసుకోవడం వేరే పని. స్ట్రాటజిక్ లీడర్‌షిప్ అని పెద్ద క్లాసుల్లో చెప్పేది దీని గురించే. డైరెక్టరు కుర్చీలో కూర్చున్న ఎవరైనా నేర్చుకోవచ్చు, కాకపోతే కాగితం, పెన్ను పట్టుకోవాలి.

నేను కదిరి వైపు వేరుశనగ, కంది, కొర్ర కొని అమ్మే ఒక రైతు కంపెనీకి సీఈఓగా పనిచేశాను. అందుకే ఇందులో ఉదాహరణలన్నీ కాయల లెక్కలోనే, అంటే వేరుశనగ లెక్కలోనే ఉంటాయి. మీది పాలో, మిర్చో, పసుపో అయితే మీ అంకెలు వేసుకోండి.

ముందు రొక్కం లెక్క

సభ్యులు 300 మంది అనుకుందాం. మైదాన ప్రాంతంలో పథకం అడిగే కనీస సంఖ్య అది. ఒక్కొక్కరు 2,000 వాటా కడితే 6 లక్షలు. దానికి సమానంగా పథకం కింద ఈక్విటీ గ్రాంట్ (వాటా ధనానికి జోడించే సాయం) వస్తే మొత్తం 12 లక్షలు. (సభ్యుడికి 2,000 వరకు, సంఘానికి 15 లక్షల వరకు ఇస్తారు.) కాయలు క్వింటా 6,500 చొప్పున వేసుకుంటే ఒక విడతలో మీరు కొనగలిగేది 184 క్వింటాళ్లు.

ఇక్కడికి వచ్చేసరికి డైరెక్టర్లు ధర గురించి గంటసేపు వాదించుకుంటారు. ఫలానా మిల్లు 30 ఎక్కువిస్తుందా, ఇంకొకాయన 50 ఎక్కువిస్తాడా అని. డబ్బు ఎన్ని రోజులకు చేతికొస్తుందని మాత్రం ఎవరూ అడగరు. కొనుగోలు కాలం రెండు నెలలు అనుకోండి. మిల్లు 45 రోజుల గడువు పెడితే మీ 12 లక్షలు సీజన్లో ఒక్కసారే తిరుగుతాయి. పది రోజుల్లో చెల్లించే వ్యాపారి దొరికితే ఆరుసార్లు తిరుగుతాయి, అంటే 1,100 క్వింటాళ్లు. ఖర్చులు పోను క్వింటాకు 150 మిగిలితే మొదటి దారిలో వచ్చేది 27,600. రెండో దారిలో లక్షా అరవై అయిదు వేలు. ఆలస్యంగా ఇచ్చే మిల్లు క్వింటాకు ఏకంగా 200 ఎక్కువ ఇస్తానన్నా మీకు మిగిలేది 64,400 మాత్రమే.

ఇప్పుడు మళ్లీ జీతం దగ్గరికి రండి. నెలకు 25,000 అనుకున్నా ఏడాదికి 3 లక్షలు. డబ్బును ఆరుసార్లు తిప్పినా అందులో సగం దాటి కొంచెం వచ్చింది. అంటే కాయల సీజన్ ఒక్కదానితో కంపెనీ బతకదు. జనవరి, ఫిబ్రవరిలో కంది కొనాలి, లేదా బ్యాంకు అప్పుతో తిప్పే మొత్తం పెంచాలి, లేదంటే మే, జూన్‌లో విత్తనాల వ్యాపారంలోకి దిగాలి. ఈ మూడింటిలో ఏది అన్నదే మీ బోర్డు ముందున్న అసలు నిర్ణయం. అప్పు విషయంలో ఒక మాట. పథకంలో 2 కోట్ల వరకు రుణాలకు హామీ సౌకర్యం ఉంది. అలాగని బ్యాంకు మేనేజరు కళ్లు మూసుకుని సంతకం పెట్టడు, ముందు మీ లెక్కల పుస్తకాలు తిప్పుతాడు.

ఈ లెక్కను అకౌంటెంట్‌కు అప్పగించొద్దు. ప్రతి డైరెక్టరూ సొంత చేత్తో ఒకసారి వేయాలి. ఏడో తరగతితో చదువు మానేసి మేకల వ్యాపారం చేసినవాళ్లు దీన్ని డిగ్రీవాళ్ల కంటే త్వరగా పట్టుకుంటారు. రొక్కం తిరగడమంటే ఏమిటో వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

‘వద్దు’ అనే పట్టిక

కంపెనీ పేరు నాలుగు ఊళ్లకు తెలిసిందంటే ప్రతిపాదనలు వాటంతట అవే వస్తాయి. సబ్సిడీలో మిషన్ ఉంది తీసుకోండి అని ఒకరు, ఎరువుల షాపు పెట్టండి అని ఒకరు, గానుగ నూనెకు హైదరాబాద్‌లో బ్రహ్మాండమైన గిరాకీ ఉందని మరొకరు. ఏదీ చెడ్డది కాదు. అన్నిటికీ సరిపడా డబ్బు, మనుషులు మీ దగ్గర లేరు, అంతే.

మిషన్ విషయంలో అడగాల్సిన ప్రశ్న: ఏడాదిలో ఎన్ని రోజులు తిరుగుతుంది? నలభై రోజులు తిరిగి మిగతా కాలమంతా షెడ్డులో నిలబడేదైతే సబ్సిడీ ఎంతున్నా బరువే. కరెంటు బిల్లు, ఆపరేటరు జీతం, రిపేరు ఖర్చుల్లో సబ్సిడీ ఉండదు.

రెండో ఏడాదే సొంత బ్రాండుతో నూనె సీసాలు దించే కంపెనీలంటే నాకు నమ్మకం తక్కువ. కాయలు కొనడం ఒక విద్య, సీసాలు అమ్మడం ఇంకో విద్య. షాపువాడు అమ్ముడుపోయాకే డబ్బిస్తానంటాడు, మిగిలినవి వెనక్కి పంపుతాడు. పైన లెక్కలో పది రోజులకు తిరిగి రావాల్సిన రొక్కం అలా నెలల తరబడి అలమరాల్లో కూర్చుంటుంది. ‘ఎగ్జిబిషన్‌లో స్టాల్ పెడితే మొత్తం అయిపోయింది సార్’ అంటారు. నిజమే, ఎగ్జిబిషన్ మూడు రోజులే కదా.

కాబట్టి ఏటా ఖరీఫ్‌కు ముందు బోర్డు ‘ఈ ఏడాది మనం చేయనివి’ అని మూడు వాక్యాలు రాసి ఆఫీసు గోడకు అంటించాలి. ఉదాహరణకు: అరువు మీద ఎరువులు అమ్మం. సొంత బ్రాండ్ జోలికి పోం. 15 రోజులు దాటి చెల్లించే వాళ్లకు సరుకు ఇవ్వం. మొదటిదానికి మా సీమలో ప్రత్యేకమైన కారణం ఉంది. ఆగస్టులో వాన మొహం చాటేస్తే అరువు వసూలు కాదు, పక్కింటి వాడి మీద కేసు వేయలేం. గోడ మీద కాగితం ఉంటే ఇంకో లాభం కూడా ఉంది. డైరెక్టరు బావమరిది ఎరువుల డీలర్‌షిప్ కబురు తెచ్చినప్పుడు మొహం మీద కాదనే కష్టం చైర్మన్‌కు తప్పుతుంది, వేలు పెట్టి చూపిస్తే చాలు.

దెబ్బ ఏ నెలలో తగులుతోంది?

ఏది చేయాలో తేల్చుకోవడానికి గుజరాత్‌లోని ఆణంద్ పాల సంఘం (ఇప్పటి అమూల్) కథ పనికొస్తుంది. ఖేడా జిల్లా రైతులు 1946లో త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వంలో సంఘం పెట్టుకున్నారు, తర్వాత దాని వ్యాపారం నడిపిన వర్గీస్ కురియన్ 1949లో ఆ ఊరొచ్చాడు. చలికాలంలో గేదెలు ఎక్కువ పాలిస్తాయి, వాళ్ల పాలు వెళ్లే బొంబాయి అన్ని పాలూ తీసుకోలేదు. రైతుకు దెబ్బ అక్కడ తగులుతోందని వాళ్లు గుర్తించారు. గేదె పాలతో పొడి చేయడం కుదరదని విదేశీ నిపుణులు అంటున్నా, దలాయా అనే డెయిరీ నిపుణుడు చేసి చూపించాడు. 1955లో పొడి ఫ్యాక్టరీ మొదలైంది. చలికాలపు మిగులు పాలకు దారి దొరికాకే సంఘం ధైర్యంగా పెరిగింది.

మీ సభ్యులను కూడా అదే అడగండి: ఏడాదిలో ఏ రెండు వారాల్లో మీ డబ్బు చేజారిపోతోంది? మా కాయల రైతులైతే పంట పీకిన తర్వాతి రోజులనే చెప్తారు. ఆరబెట్టడానికి చోటుండదు, మబ్బు పడితే టార్పాలిన్ ఉండదు. తేమ ఉన్న కాయకు దళారి ధర కోస్తాడు. బూజు పట్టి ఆఫ్లాటాక్సిన్ అనే విషం వస్తే మంచి కొనుగోలుదారు మొత్తం లోడునే వెనక్కి పంపేస్తాడు. అలాంటప్పుడు లక్షల మిల్లు కంటే టార్పాలిన్లు, రెండు తేమ మీటర్లు ముందు రావాలి. ఫోటోలో అంత గొప్పగా పడవు గాని, డబ్బు మిగిల్చేవి అవే.

ఆణంద్ నుంచి ఇంకొకటి కూడా తీసుకోవచ్చు. సభ్యుల నమ్మకం, ఊళ్ల రాజకీయం త్రిభువన్‌దాస్ చూసుకున్నారు, వ్యాపారం కురియన్‌కు వదిలారు. మన దగ్గర చైర్మన్ వెళ్లి తూకం దగ్గర నిలబడతాడు, సీఈఓ వెళ్లి ఊరి తగాదా తీరుస్తుంటాడు. ఎవరి పని ఏదో ఒక పేజీలో రాసి ఇద్దరూ సంతకం పెట్టుకుంటే సగం గొడవలు పుట్టవు.

నిర్ణయాల పుస్తకం

నాయకత్వం సాధన చేయడం అంటే ఏమిటని అడుగుతారు. నాకు తెలిసిన సాధన ఈ పుస్తకం ఒక్కటే. ప్రొడ్యూసర్ కంపెనీ బోర్డు మూడు నెలలకు ఒకసారైనా, ఏడాదికి కనీసం నాలుగుసార్లు సమావేశం కావాలని చట్టం చెబుతుంది. ఆ మినిట్స్ పుస్తకం ఎలాగూ ఉంటుంది, కాని అందులో ‘తీర్మానించడమైనది’ తప్ప ఎందుకు తీర్మానించారో ఉండదు. అందుకని విడిగా ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టండి. పెద్ద నిర్ణయాలు మాత్రమే అందులో రాయాలి, ఇలాగ:

అక్టోబరు సమావేశం. ఊళ్లోనే తేమ కొలిచి, 9 శాతం లోపు ఉన్న కాయకు క్వింటాకు 60 అదనంగా ఇద్దాం. కారణం: పొడి కాయకు మిల్లు ఎక్కువ ఇస్తానంది, తరుగు తగ్గుతుంది. మన అంచనా: సభ్యుల్లో సగం మందైనా ఆరబెట్టి తెస్తారు. ఒప్పుకోనివారు: ఇద్దరు, వానలో రైతు నష్టపోతాడని. మానేసేది ఎప్పుడు: రెండు వారాల్లో పాతిక మంది కూడా తేకపోతే. మళ్లీ చూసేది: జనవరిలో.

జనవరిలో ఈ పేజీ తెరిచి గట్టిగా చదవాలి. ఫలితం తెలిశాక ప్రతివాడూ ‘నేనప్పుడే చెప్పాను’ అంటాడు, అది లోకసహజం. పేజీలో పేర్లు ఉంటే ఆ మాట రాదు. అంతకంటే ముఖ్యంగా, వాన వల్ల పోయిందా, మన లెక్క తప్పడం వల్ల పోయిందా అన్నది విడిగా కనిపిస్తుంది. రెండో రకమైతే అంచనా ఎక్కడ తప్పిందో రాసుకుని, అలాంటి నిర్ణయం మళ్లీ వచ్చినప్పుడు పాత పేజీతో పోల్చండి.

ఎజెండాలో ఈ పుస్తకం చదవడం మొదట ఉండాలి, టీలకు ముందే. గోనె సంచుల బిల్లు మొదట పెట్టారంటే ఆ మధ్యాహ్నం గోనె సంచులకే పోతుంది.

సభ్యుడికి చెప్పేటప్పుడు

సర్వసభ్య సమావేశానికి సభ్యుల్లో నాలుగో వంతు రావాలి. 300 మందికి 75. వాళ్లను ఆ రోజు బిర్యానీతో రప్పించొచ్చు, కాని నిర్ణయం ఒప్పించడం అక్కడ జరగదు. అంతకు ముందే ఊరూరా, సాయంత్రం పూట, ఇరవై మంది చొప్పున కూర్చోవాలి. ఆడవాళ్లు పెద్ద సభలో మాట్లాడరు, ఇంటి అరుగు మీద మాత్రం అన్నీ అడుగుతారు. ఆరబెట్టే పని వాళ్లదే కాబట్టి వాళ్ల ప్రశ్నలే పనికొస్తాయి.

తప్పకుండా వచ్చే ప్రశ్న ఇది: “బయట యాభై ఎక్కువిస్తున్నారన్నా. మన కంపెనీ అని చెప్పి మనకే తక్కువా?”

“ఆయన బస్తాకు ఎంత తరుగు తీస్తున్నాడు పెద్దాయనా?”

“కిలో తీస్తాడు. అందరూ తీసేదే కదా.”

బస్తా 40 కిలోలైతే క్వింటాకు రెండున్నర కిలోలు పోయినట్టు. 6,500 ధరలో అది 160 రూపాయల పైనే. ఈ లెక్క ఉపన్యాసంలా చెప్పకండి, ఆయన చేతే వేయించండి. ఒక్కోసారి తరుగు పోను కూడా దళారి ఎక్కువే ఇస్తాడు. అప్పుడు ‘అక్కడే అమ్ముకో పెద్దాయనా’ అనగలగాలి. బతిమాలితే వచ్చే ఏడు ఆయన మీ లెక్కను నమ్మడు. ఇంకోటి, చాలామంది దళారికి కట్టుబడేది ధర కోసం కాదు. ఆగస్టులో ఫీజులకో ఆసుపత్రికో అప్పిచ్చింది ఆయన. ఆ అప్పుకు ఏ ఏర్పాటూ లేకుండా ఐకమత్యం మీద ఎన్ని మాటలు చెప్పినా కాయలు అటే పోతాయి. బోర్డు దీన్ని రాబోయే రెండేళ్ల పనిగా పెట్టుకోవాలి.

చూసి రావడం

హైదరాబాద్‌లో మేనేజ్ (వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ), ఆణంద్‌లో ఇర్మా (గ్రామీణ నిర్వహణ సంస్థ) లాంటివి ఉన్నాయి, అవకాశం వస్తే వెళ్లండి. దగ్గర్లో చూడాలంటే హన్మకొండ జిల్లా ముల్కనూరు సహకార సంఘం 1956 నుంచి నడుస్తోంది, అక్కడే మహిళల స్వకృషి డెయిరీ కూడా ఉంది. ఎక్స్‌పోజర్ విజిట్లలో ఎక్కువ భాగం బస్సు, భోజనం, గ్రూప్ ఫోటో. అందుకే బయల్దేరే ముందే డైరెక్టర్లకు మూడు ప్రశ్నలు పంచి పెట్టాలి. మీరు మొదలుపెట్టి మూసేసిన వ్యాపారం ఏది, ఎందుకు? సభ్యులకు సమయానికి డబ్బివ్వలేని రోజు వస్తే ఏం చేశారు? ఇప్పుడున్న మేనేజరు వెళ్లిపోతే ఆ కుర్చీలో కూర్చోగలిగేది ఎవరు, వాళ్లను ఎప్పటి నుంచి తయారుచేస్తున్నారు? వీటిని ప్రెసిడెంటు ప్రసంగం అయ్యాక హాల్లో అడగొద్దు. భోజనాలయ్యాక గోడౌన్ దగ్గర, పాత గుమస్తాను అడగండి.